దోసెడు నీళ్లు, నమ్మిన గొంతు

బెంగళూరు యలహంకలో ఉండి వింటున్నవాళ్లకీ, ఇక్కడి నుంచి దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు, హిందూపురం, పెనుకొండ దాకా ఈ రైలుదారి పొడుగునా వింటున్న తెలుగువాళ్లందరికీ ఈ మాట.

ఒక చిన్న పని చేయమని అడుగుతాను. చేతిలో ఏమైనా ఉంటే కాసేపు పక్కన పెట్టండి. రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టండి. పట్టారా? ఆ దోసిలిలో ఎంత పడుతుందో అంతటిని పాతకాలపు అరబ్బులు ఒక ముద్ద్ అనేవాళ్లు. ధాన్యానికీ అదే కొలత, నీళ్లకీ అదే కొలత. మన లెక్కలో సుమారు ముప్పావు లీటరు అనుకోండి. మహమ్మద్ ప్రవక్త ఆ ఒక్క ముద్ద్ నీళ్లతో వజూ చేసుకునేవారని హదీసుల్లో, అంటే ఆయన మాటలూ చేతలూ చెప్పే ఉల్లేఖనాల్లో, ఉంది.

వజూ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. నమాజుకు నిలబడే ముందు చేతులు కడుక్కుంటారు. నోరు పుక్కిలిస్తారు. ముక్కు శుభ్రం చేసుకుంటారు. ముఖం, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటారు. తడిచేత్తో తల నిమురుకుంటారు. చివరికి చీలమండల దాకా పాదాలు. ఇన్నిటికీ ఒక్క దోసెడు నీళ్లు.

ఇంకో హదీసు ఉంది. సాద్ అనే అనుచరుడు వజూ చేస్తూ నీళ్లు ధారాళంగా పోస్తున్నాడట. ప్రవక్త చూసి, ఎందుకీ దుబారా అని అడిగారు. వజూలో కూడా దుబారా ఉంటుందా అని సాద్ ఆశ్చర్యపోయాడు. ఉంటుంది, నువ్వు పారుతున్న ఏటి ఒడ్డున కూర్చున్నా సరే ఉంటుంది అని ఆయన జవాబు. కరువొచ్చినప్పుడు నీళ్లు పొదుపు చేయమని ఎవరైనా చెబుతారు. ఏరు నిండుగా పారుతున్నప్పుడు కూడా పొదుపు చేయమన్నది ఈ మాట. నాకు ఇందులోని బలమంతా ఆ ఏటి ఒడ్డులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు 2024 మార్చికి వద్దాం. యలహంక చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరూ ఆ నెల మరిచిపోయి ఉండరు. అంతకుముందు ఏడాది వానలు సరిగా పడలేదు. బోర్లు ఎండిపోయాయి. సాక్షాత్తూ ఉపముఖ్యమంత్రి మా ఇంటి బోరు కూడా ఎండిపోయిందని చెప్పారు. ట్యాంకరు కోసం పొద్దున్నుంచీ ఫోన్లు. ట్యాంకరు వచ్చాక దాని ధర విని గుండె దడ. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. నీటి ధార తగ్గించే ఏరేటర్ బిళ్లలు కుళాయిలకు బిగించుకోవాలంది. సరిగ్గా అదే నెల, మార్చి 12న, రంజాన్ మొదటి ఉపవాసం వచ్చింది.

రంజాన్ నెలలో మసీదుకు వచ్చేవాళ్లు ఎన్నో రెట్లు పెరుగుతారు. ఐదు పూటల నమాజు, రాత్రి తరావీహ్ అనే అదనపు నమాజు. ప్రతి నమాజుకూ వజూ. కుళాయి పూర్తిగా తిప్పి చేస్తే ఒక్కొక్కరికీ నాలుగైదు లీటర్లు సులువుగా పోతాయి. దోసెడు ఎక్కడ, నాలుగైదు లీటర్లు ఎక్కడ!

చూడండి, జలమండలి చెప్పినదీ, ఆ హదీసు చెప్పినదీ ఒకటే. నీళ్లు పారబోయకండి అనే. జలమండలి ఆజ్ఞ పేపర్లో వస్తుంది, జరిమానా వేసేవాడు కనబడనంతసేపు మరుగున పడిపోతుంది. హదీసు మాట వేరు. దాన్ని విన్నవాడికి ప్రతి కుళాయి దగ్గరా గుర్తొస్తుంది. ఎవరూ చూడకపోయినా గుర్తొస్తుంది. అయితే ఒక షరతు ఉంది. ఆ మాట అతని చెవిన పడాలి. అతనికి తెలిసిన భాషలో పడాలి. అతను నమ్మిన మనిషి నోటి నుంచి పడాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మళ్లీ చెబుతాను. మాట చెవిన పడాలి, తెలిసిన భాషలో పడాలి, నమ్మిన నోటి నుంచి పడాలి.

మనం మీడియా అనగానే టీవీ అంటాం, పేపరు అంటాం, చేతిలోని ఫోను అంటాం. మసీదు కూడా ఒక మీడియానే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు ముందు ఇమాంగారు మాట్లాడతారు. దాన్ని బయాన్ అంటారు. ఆ తర్వాత అరబ్బీలో ఖుత్బా ప్రసంగం. ఆ బయాన్ వినడానికి కూర్చున్నవాళ్లలో ఆటో నడిపేవాడుంటాడు, మెకానిక్ ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటాడు, పండ్లబండివాడుంటాడు. ఫోన్లు జేబుల్లో ఉంటాయి. అందరూ వింటారు. ఏ టీవీ ఛానలుకు దొరుకుతారు ఇంత శ్రద్ధగా వినే శ్రోతలు? ఆ అరగంటలో స్వర్గం గురించీ, నరకం గురించీ చెప్పవలసిందే. దానితోపాటు మసీదు వెనక మోరీ గురించి ఒక్క మాట, చెరువులో పడుతున్న చెత్త గురించి ఒక్క మాట చెబితే అది ధర్మం తప్పడం కాదు. భూమి మీద మనిషిని ధర్మకర్తగా నిలబెట్టాడు దేవుడు అని చెప్పే మతం అది. సృష్టిలో ఒక తూకం ఉంది, దాన్ని చెడగొట్టవద్దు అని చెప్పే మతం.

మాటలకు అంత శక్తి ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. పోలియో కథ చెబుతాను.

2002లో మన దేశంలో 1,600 మంది పిల్లలకు పోలియో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరప్రదేశ్ పిల్లలు. వాళ్లలోనూ పేద ముస్లిం కుటుంబాల పిల్లలు ఎక్కువ. పోలియో చుక్కలు ఉచితం. ఇంటికే తెచ్చి వేస్తున్నారు. అయినా తలుపులు మూసుకునేవాళ్లు. ఆ చుక్కలు వేస్తే పిల్లలు పెద్దయ్యాక వాళ్లకు సంతానం కలగదని పుకారు. టీవీలో అమితాబ్ బచ్చన్ చెప్పారు. గోడల మీద రాశారు. కొందరు కదిలారు, చాలా ఇళ్లు కదలలేదు.

ఏం చేశారు? యూనిసెఫ్ వాళ్లు ఆ వాడల్లోని ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీసుకున్నారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా కలిసి వచ్చాయి. ఇమాములను కలిశారు, మదరసాలలో కూర్చున్నారు, వాళ్ల అనుమానాలన్నీ ఓపికగా విన్నారు. ఆ తర్వాత మసీదు మైకులోంచి మాట వచ్చింది. ఇవాళ చుక్కల రోజు, పిల్లలను తీసుకురండి అని. ఏ మైకులోంచి రోజూ అజాన్ వస్తుందో అదే మైకు. తలుపులు తెరుచుకున్నాయి.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ తల్లులు ఎదురు ప్రశ్న వేశారు. నెలనెలా చుక్కలంటూ వస్తారు, మా పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే ఎందుకు రారు? మా వీధిలో మోరీ పొంగుతుంటే ఎందుకు రారు? న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వం, యూనిసెఫ్ దాన్ని విన్నాయి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పోలియో బాగా పట్టుకున్న 107 బ్లాకులను గుర్తించి చుక్కలతోపాటు విరేచనాలకు మందు, మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే అలవాటు, మంచి నీళ్లు, ఇవన్నీ కలిపి పని మొదలుపెట్టారు. దేశంలో చివరి సహజ (వైల్డ్) పోలియో కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది.

చెప్పడంతో సగమే అయింది. రెండో సగం వినడం. ఆ తల్లుల ప్రశ్న వినకపోయి ఉంటే మైకులోంచి ఎంత చెప్పినా కొంత దూరమే వెళ్లేది.

సరే, మళ్లీ మన ఊరికి వద్దాం. యలహంక నుంచి జక్కూరు చెరువు ఎంత దూరం? ఇంకా చూడనివాళ్లు ఒక ఆదివారం పొద్దున వెళ్లి చూడండి. మన యలహంక ఇళ్లలోంచి వెళ్లే మురుగునీరు అక్కడి శుద్ధికేంద్రానికి చేరుతుంది. అక్కడ శుద్ధి చేసిన నీళ్లు ఒక చిత్తడినేలలోకి వెళతాయి. దాన్నిండా జమ్ము, గుర్రపుడెక్క. ఆ వేళ్ల మధ్యలోంచి నిదానంగా జారుకుంటూ, మిగిలిన మలినం వదిలించుకుంటూ నీళ్లు చెరువులో కలుస్తాయి. అక్కడ జాలర్లు చేపలు పడతారు. గూడబాతులు వస్తాయి. చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఊరాయి. మన స్నానాల గదిలోంచి పోయిన నీళ్లే అవి. ఆ మాట నమ్మడానికి చెరువు గట్టు మీద నిలబడి కాసేపు చూడాలి.

ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున జరుగుతోంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, కోరమంగల–చల్లఘట్ట లోయ నుంచి కోలారు జిల్లా చెరువులకు 2018 నుంచి పంపుతున్నారు. మన వైపు హెబ్బాళ–నాగవార లోయ నుంచి చిక్కబళ్లాపురం చెరువులకు పంపుతున్నారు. కోలారు, చిక్కబళ్లాపురం అంటే తెలుగు పలికే పల్లెలు. అక్కడి రైతులకు నీళ్లు వచ్చాయన్న సంతోషం ఉంది. ఏం నీళ్లు ఇవి అన్న భయమూ ఉంది. 2018లో కోలారు జిల్లాలో ఒక చెరువులోకి నీళ్లు వచ్చిన కొత్తలో నురగ లేచింది. జనం బెదిరిపోయారు. వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. నీళ్లను రెండో దశ దాకానే శుద్ధి చేస్తున్నారు, మూడో దశ కూడా చేయాలి అని రైతులు ఇప్పటికీ అడుగుతున్నారు. అడగడం వాళ్ల హక్కు.

ఇలాంటి ప్రశ్నే ఇస్లాం ముందుకు కూడా వచ్చింది. మురుగు పోయిన నీళ్లు తిరిగి పవిత్రమవుతాయా? వాటితో వజూ చేయవచ్చా? ఎడారి దేశానికి ఇది ప్రాణం మీది ప్రశ్న. 1978లో సౌదీ అరేబియాలోని అగ్రశ్రేణి ఉలమాల, అంటే మతపండితుల, మండలి దీన్ని విచారించింది. వాళ్లు మొదట గ్రంథం తెరిచి తీర్పు చెప్పేయలేదు. నీటి ఇంజనీర్లను, నిపుణులను అడిగారు. శుద్ధి ఎలా చేస్తారు, చివరికి ఏం మిగులుతుంది అని తెలుసుకున్నారు. ఆ తర్వాత పాత ధర్మశాస్త్రం ప్రకారం చూశారు. నీళ్లు మలినమయ్యాయా లేదా అని చెప్పడానికి ఆ శాస్త్రంలో మూడు గుర్తులు. రంగు, రుచి, వాసన. ఈ మూడింటిలోనూ మలినం జాడ లేకుండా శుద్ధి చేయగలిగితే ఆ నీళ్లు పవిత్రమే, వజూకు పనికొస్తాయి అన్నారు. తాగడానికి మాత్రం ఆరోగ్యం దృష్ట్యా వాడకపోవడం మేలన్నారు.

ఈ తీర్పు మన మసీదుల్లో ఎంతమందికి తెలుసు? తెలిస్తే బాగుండునని నా కోరిక. జక్కూరు పక్కన ఉండే పిల్లవాడికి, చిక్కబళ్లాపురం రైతుకు, తెలుగులో, కన్నడలో, ఉర్దూలో ఎవరైనా చెప్పాలి. చెప్పి ఊరుకోకూడదు. ప్రతి నెలా చెరువు నీళ్లు పరీక్ష చేసి, ఆ ఫలితం అర్థమయ్యే భాషలో ఊళ్లో వినిపించాలి. గుడి మైకులో వినిపించండి, మసీదు మైకులో వినిపించండి, రేడియోలో వినిపించండి. రైతు భయం పోగొట్టాలంటే పోస్టరు చాలదు, పరీక్ష ఫలితం కావాలి.

భాష అన్నాను కదా. మన యలహంకలో ఉన్న తెలుగు ముస్లింలు చాలామంది కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లు. దూదేకులవాళ్ల ఇళ్లల్లో అయితే మాట్లాడేది తెలుగే. బెంగళూరులో బయాన్ మామూలుగా ఉర్దూలో ఉంటుంది. మంచి ఉర్దూ, బరువైన ఉర్దూ. అర్థమైనంత అర్థమవుతుంది, మిగిలింది తలమీదుగా పోతుంది. అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారు 1930 నాటికే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆయన ముస్లిం కాదు. సంస్కృతం, తెలుగు చదివిన పండితుడు. పక్కింటివాళ్ల ధర్మం తన భాషలో ఉండాలనుకున్నారు. ఆ తర్వాత ముస్లిం పండితులు ఎన్నో అనువాదాలు చేశారు. హైదరాబాదు నుంచి గీటురాయి లాంటి తెలుగు పత్రిక వచ్చింది. బాట ఎప్పుడో పడింది. దాని మీద నీళ్ల మాట, చెట్ల మాట, చెత్త మాట నడిపించాలి.

ఇంకొకటి. జుమాకు వచ్చేది ఎక్కువగా మగవాళ్లు. ఇంట్లో బిందె నింపేది ఎవరు? ట్యాంకరు కోసం మెట్ల మీద కూర్చునేది ఎవరు? ఆడవాళ్లు. నీళ్ల గురించి మొట్టమొదట ఎవరికి చెప్పాలో వాళ్లకే బయాన్ అందదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. అందుకే రేడియో కావాలంటాను. వంటింట్లో మోగే గొంతు కావాలి.

అలాంటి రేడియో మనకు దగ్గరలోనే పుట్టింది. 1995లో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడు మన బెంగళూరులోనే కొందరు కూర్చుని, ఊళ్లవాళ్లకు సొంత రేడియో ఉండాలని ప్రకటన చేశారు. కానీ లైసెన్సు ఎక్కడ? కోలారు జిల్లాలో బూదికోట ఉంది. హైదర్ అలీ పుట్టిన ఊరు. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి వినబడే ప్రాంతం. అక్కడి స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు లైసెన్సు కోసం చూస్తూ కూర్చోలేదు. టీవీ కేబుల్ తీగలోంచే తమ గొంతు ఇంటింటికీ పంపించారు. దాని పేరు నమ్మ ధ్వని. మన గొంతు అన్నమాట. తర్వాత 2008లో మెదక్ వైపు మాచనూర్‌లో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. 2012లో హర్యానాలో, ముస్లింలు ఎక్కువగా ఉండే అప్పటి మేవాత్ జిల్లాలో, అల్ఫాజ్-ఎ-మేవాత్ రేడియో వచ్చింది. అక్కడ భూగర్భజలం ఉప్పు. ఆ రేడియో నీళ్ల గురించి, పంటల గురించి మేవాతీ యాసలో మాట్లాడుతుంది. జనం ఫోను చేసి మాట్లాడతారు.

ఇదంతా చెబుతూ ఒక చేదు నిజం దాటేయలేను. 2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చిన కొత్తలో కొన్ని టీవీ ఛానళ్లు, కొన్ని ఫోను సందేశాలు ఆ జబ్బును ఒక మతం నెత్తిన పెట్టాయి. పండ్లబండివాడి పేరు అడిగి కొనేవాళ్లు తయారయ్యారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఢిల్లీలో జరిగిన ముస్లింల మత సమావేశానికి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని గట్టిగా చెప్పింది. కోర్టు మాట వెలువడేసరికి వాడవాడలా గాయం అయిపోయింది. ఒక్కసారి నమ్మకం విరిగితే తర్వాత వచ్చే మంచి మాట కూడా లోపలికి వెళ్లదు. టీకా మాటా వెళ్లదు, నీటి మాటా వెళ్లదు. మైకు ముందు కూర్చునే మేమందరం, టీవీలో కూర్చునేవాళ్లందరూ దీన్ని గుర్తుంచుకోవాలి. ముస్లింల గురించి వార్త అంటే ఎప్పుడూ గొడవేనా? ఒక మసీదు తన కప్పు మీద పడ్డ వాననీరు ఇంకుడుగుంతలోకి పంపితే అది వార్త కాదా?

పెద్ద సభల్లో మంచి మాటలు చాలానే వచ్చాయి. 2015లో ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులు వాతావరణ మార్పు మీద ప్రకటన చేశారు. 2024లో అల్ మీజాన్ అనే ఒడంబడిక వచ్చింది. మీజాన్ అంటే ఇందాక చెప్పిన సృష్టిలోని తూకమే. జకార్తాలో ఇస్తిక్లాల్ మసీదు కప్పు మీద సౌరఫలకాలు పెట్టారు. సంతోషమే. కానీ ఇస్తాంబుల్ ప్రకటన యలహంక కుళాయి దాకా నడిచి రావాలంటే మధ్యలో మనుషులు కావాలి. మసీదు కమిటీ అధ్యక్షుడు సదర్ సాబ్ కావాలి, మసీదు ఆస్తి చూసుకునే ముతవల్లి కావాలి, ప్లంబరు కావాలి.

వాళ్లు చేయగల పనులు ఉన్నాయి. వజూ నీళ్లలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. ఇంట్లోంచి పోయే నీళ్లన్నిటికన్నా అవే శుభ్రమైనవి. వాటిని మోరీలో కలపకుండా ఒక పైపు వేసి చెట్లకు మళ్లించవచ్చు. మరుగుదొడ్లలో పోయడానికి ఒక తొట్టిలో పట్టుకోవచ్చు. కుళాయికి ఏరేటర్ బిగించవచ్చు. కుళాయి బదులు బద్నా, అంటే ఆ ముక్కున్న చెంబు, మళ్లీ పెట్టుకోవచ్చు. చెంబులో ఎన్ని నీళ్లున్నాయో కంటికి కనిపిస్తుంది. ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు ప్లాస్టిక్ ప్లేట్ల బదులు స్టీలు ప్లేట్లు కొంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. కడగడానికి నీళ్లు ఖర్చు కదా అని అడిగేవాళ్లున్నారు. అది మంచి ప్రశ్నే. ఒక్కో మసీదు తన నీళ్లు, తన మనుషులు చూసుకుని తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇప్పుడు మీ వంతు. వచ్చే శుక్రవారం మీ మసీదులో వజూ నీళ్లు ఎటు పోతున్నాయో ఒకసారి చూడండి. హిందూ శ్రోతలు మీ గుడి కోనేటి సంగతి, చర్చికి వెళ్లేవాళ్లు మీ ఆవరణలోని బోరు సంగతి చూడండి. ఇమాంగారు ఉంటే ఆ ఏటి ఒడ్డు హదీసు గురించి అడగండి. ఆయన ఏమన్నారో, మీ ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారో ఈ రేడియో కేంద్రానికి ఉత్తరం రాయండి. తెలుగులో రాయండి, మీకు వచ్చిన తెలుగులో. దక్కనీ కలిసినా, కన్నడం కలిసినా పరవాలేదు. వచ్చిన ఉత్తరాలు ఇదే సమయానికి చదివి వినిపిస్తాం. చిక్కబళ్లాపురం, కోలారు రైతులు మీ చెరువు నీళ్ల గురించి తప్పకుండా రాయండి. మీ ప్రశ్నలు జలమండలి ఇంజనీర్ల ముందు పెట్టి, వాళ్ల జవాబులు కూడా ఇక్కడే వినిపిస్తాం. సెలవు. ఖుదా హాఫిజ్.